అరసంతకం డాక్టరమ్మ

ఎదురుగా ఉంటే అందరికీ డాక్టరమ్మ. ఆమె అటు తిరగగానే అరసంతకం డాక్టరమ్మ. ఈ పేరు పెట్టింది మందుల కిటికీ దగ్గర కూర్చునే ఆయన. పాపం, ఆయన తప్పేం లేదు. ఆమె ఎంత పెద్ద సంతకం పెట్టినా దాని కింద ఇంకొకరి సంతకం పడితే తప్ప ఒక్క దగ్గు మాత్ర కూడా కిటికీ దాటకూడదని రూలు. ఆమె వేరే దేశంలో చదివి వచ్చిన డాక్టరు. అలాంటివాళ్లు ఇక్కడి డాక్టరు ఒకరి పర్యవేక్షణలో రెండేళ్లు పనిచేయాలి. ఆ రెండేళ్లూ మందుల చీటీ మీద, డిశ్చార్జి కాగితం మీద, ఆఖరికి జలుబు చేసింది కనుక ఫలానావారు పనికి రాలేరని రాసే ముక్క మీద కూడా రెండు సంతకాలుండాలి. ఆ తరువాత వైద్య మండలి పూర్తి లైసెన్సు ఇస్తుంది.

రెండేళ్లంటే ఎంత, కళ్లు మూసి తెరిచేలోగా అయిపోతాయనుకున్నారు భార్యాభర్తలు వచ్చిన కొత్తలో. పదకొండేళ్లయింది.

రూలుకు ఒక తోక ఉంది మరి. ఆ రెండేళ్లూ ఒకే పర్యవేక్షకుడి కింద జరగాలి. ఆయన మారితే లెక్క మళ్లీ ఒకటో రోజు నుంచి మొదలు. మా ఆస్పత్రేమో చిన్న ఊరిది. ఇక్కడికి వచ్చిన డాక్టరు పెట్టె విప్పకముందే వెళ్లే దారి వెతుక్కుంటాడు. మొదటి పర్యవేక్షకుడు పద్నాలుగు నెలలకు నగరానికి ఎగిరిపోయాడు. రెండో ఆయనకు ఇరవయ్యో నెలలో ప్రమోషన్ వచ్చింది. మూడో ఆయన సూపరింటెండెంటుతో ఒక కుర్చీ విషయంలో పోట్లాడి వెళ్లాడు. నాలుగో ఆయనా ఐదో ఆయనా రెండేళ్లు ఇదిగో నిండాయని మేము అనుకునేలోగా వెళ్లిపోయారు. వైకుంఠపాళిలో పెద్దపాము నోట పడ్డ కాయలా డాక్టరమ్మ ప్రతిసారీ మొదటి గడికి దిగి వచ్చేది. దిగి వచ్చి, కోటు తొడుక్కుని, మళ్లీ వార్డులోకి నడిచేది.

ఇక ఆ పర్యవేక్షణ జరిగే తీరు కూడా చెప్పుకోవాలి. సోమవారం పొద్దున్న టీ తాగుతూ పర్యవేక్షకుడు ఖాళీ కాగితాల కట్ట ముందు పెట్టుకుని, వారానికి సరిపడా సంతకాలు అడుగుభాగంలో గీకేసేవాడు. టీ చల్లారేలోగా వారం రోజుల పర్యవేక్షణ అయిపోయేది. ఆ తరువాత ఆ కాగితాల మీద డాక్టరమ్మ రోగి పేరు, వయసు, రోగం, మందు రాసి తన అరసంతకం పెట్టుకునేది. ఈ పద్ధతిని ఎవరు మొదలుపెట్టారో తెలియదు. ఒక్కరు చేస్తే తప్పు, అందరూ చేస్తే అలవాటు.

సంతకం సగమైనా హస్తవాసి నిండుగా ఉండేది. ఊపిరి వినే గొట్టం బిళ్లను అరచేతిలో పెట్టి వెచ్చబరిచిగాని రోగి వీపు మీద ఆనించేది కాదు. ముసలివాళ్ల మాట మధ్యలో తుంచేది కాదు. ఆ ఓర్పు చూసి దేవుడు ఈవిడను మనకోసమే పంపాడని జనం అనేవారు. దేవుడు పంపినా రెండో సంతకం కావాల్సిందేనని మందుల కిటికీ ఆయన అనేవాడు. మధ్యాహ్నం ఆమె తన గదిలో బల్ల మీద తలపెట్టి పది నిమిషాలు కునుకు తీసేది. అప్పుడు నేల తుడిచే పెద్దమ్మ, తుడవకపోయినా సరే, 'నేల తడిగా ఉంది' అన్న పసుపు బోర్డు తెచ్చి ఆ గుమ్మం ముందు పెట్టేది. పొడినేల మీద ఆ బోర్డు చూసి అందరూ చుట్టూ తిరిగి వెళ్లేవాళ్లు. ఆ సంగతి డాక్టరమ్మకు ఏళ్ల తరబడి తెలియదు. తన గది ముందు పైపు కారుతోందేమో చూడమని ఒకసారి ఆఫీసుకు ఫిర్యాదు కూడా రాసింది.

ఆమె భర్త సొంత దేశంలో లెక్కల మాస్టారు. ఇక్కడ ఊళ్లో తిరిగే బస్సు నడుపుతాడు. ఆయన నోరు ఊరుకునేది కాదు.

"నాకు లైసెన్సు రెండు నెలల్లో ఇచ్చారు. రోజూ అరవైమంది ప్రాణాలు నా చేతిలో పెడతారు. పక్కన కూర్చుని రెండో స్టీరింగు తిప్పడానికి ఒక్కడూ రాలేదు" అనేవాడు.

"మీరు బ్రేకు వేస్తే తెలిసిపోతుంది. మా బ్రేకులు కనబడవు కదండీ" అనేది ఆమె.

"కనబడకపోతే చూడ్డానికి రావాలి గదా. రారే!"

ఆరో పర్యవేక్షకుడు పెద్దాయన. అందరూ ఆయనను అలాగే అనేవారు. మనిషి మంచివాడు, బద్ధకం అంతకన్నా మంచిది. ధ్యాసంతా పెరట్లోని టమాటా మొక్కల మీదే. కానీ ఆయనకు ఎక్కడికీ వెళ్లాలని లేదు, ప్రమోషన్ మీద ఆశ లేదు, కుర్చీ మీద పంతం లేదు. అదే చాలని పెద్ద నర్సు ఇరవై రెండు నెలలుగా ఆయన ఆరోగ్యం కోసం రోజూ ప్రార్థన చేసింది. ఆరోగ్యం గురించే అడిగింది, పాపం. పదవీ విరమణ తేదీ గురించి అడగడం మరిచిపోయింది. ఆ తేదీ రెండేళ్లకు సరిగ్గా ఐదు వారాల ముందు వచ్చి పడింది. ఐదు వారాలు పొడిగించమని పెద్దాయన దరఖాస్తు పెట్టుకున్నాడు. ఫైలు కదిలిందన్నారు. ఎటు కదిలిందో చెప్పలేదు.

చివరి రోజున ఆయన ఎప్పుడూ లేనిది పొద్దున్నే వచ్చి మధ్యాహ్నం దాకా బల్ల దగ్గర నుంచి లేవలేదు. వెళ్లేముందు ఒక పెద్ద కట్ట తెచ్చి డాక్టరమ్మ చేతిలో పెట్టాడు. నాలుగు వందల పైచిలుకు ఖాళీ కాగితాలు. అన్నిటి అడుగునా ఆయన సంతకం.

"ఇదేంటండీ?"

"ఐదు వారాలకు సరిపోతాయమ్మా. నా పేరు ఇక్కడ పనిచేస్తూనే ఉంటుంది. నేనుంటే చేసేదీ అంతేగా."

"తప్పు కదండీ ఇది!"

"తప్పే. ఐదేళ్ల పిల్లాణ్ని అడిగినా తప్పనే అంటాడు. కానీ ఇది కొత్త తప్పు కాదు తల్లీ, పాతదాన్ని కాస్త సాగదీస్తున్నాం" అని ముంజేయి రుద్దుకుంటూ వెళ్లిపోయాడు.

ఆమె ఆ కట్టను సొరుగులో పెట్టి తాళం వేసింది. కొత్త పర్యవేక్షకుణ్ని పంపమని ఆఫీసుకు ఫోన్ చేస్తే, పోస్టు ఖాళీగా ఉందని రాశాం, ఎవరూ రామంటున్నారని చెప్పారు. మరునాడు ఒక తాత పిల్లికూతలు కూస్తున్న ఊపిరితో వచ్చాడు. ఏటా చలికి వచ్చే ఆయాసం మనిషే. డాక్టరమ్మ చీటీ రాసింది. కిటికీ ఆయన చీటీ తీసుకుని, తాతను చూసి, మళ్లీ చీటీ చూసి, తలకాయ బయటపెట్టి ఏడుపుముఖంతో అన్నాడు.

"అమ్మా, నేను ఇచ్చేస్తాను. కానీ రెండో పేరు కొట్టనిదే కంప్యూటర్ ఇవ్వదు."

పూర్తి లైసెన్సున్న వాళ్లు ఆస్పత్రిలో ఇంకా ఇద్దరున్నారు. ఒకాయన ఆపరేషన్ గదిలో చేతులు లోపలపెట్టి ఉన్నాడు. సూపరింటెండెంటు మీటింగులో ఉన్నాడు. ఆయన ఎప్పుడూ మీటింగులోనే ఉంటాడు. తాత పెదవులు నీలం తిరుగుతున్నాయి. డాక్టరమ్మ ఒక్క క్షణం కళ్లు మూసుకుని దేవుడికి ఏదో చెప్పుకుని, సొరుగు తాళం తీసింది.

అలా ఐదు వారాలు నడిచాయి. నాలుగు వందల పన్నెండు మంది రోగులు. పెద్ద నర్సుకు తెలుసు, కిటికీ ఆయనకు తెలుసు, పెద్దమ్మకు తెలుసు. ఎవరూ పెదవి విప్పలేదు. ఒక్కడికి కూడా ఏ కీడూ జరగలేదు.

రెండేళ్లు నిండాక లైసెన్సుకు దరఖాస్తు నింపేటప్పుడు అసలు తప్పు జరిగింది. ఆ ఫారంలో ఒక గడి ఉంది: పర్యవేక్షకుడి ప్రస్తుత హోదా. ఖాళీగా వదిలేయమని పెద్ద నర్సు నెత్తీనోరూ కొట్టుకుని చెప్పింది. డాక్టరమ్మ 'పదవీ విరమణ' అని రాసి, పక్కన తేదీ వేసి, 'చివరి ఐదు వారాలు ఆయన లేరు, దయతో పరిశీలించగలరు' అని కూడా చేర్చి పంపింది.

"దయతో పరిశీలిస్తారట! అంత నిజం రాయమని మిమ్మల్ని ఎవరడిగారమ్మా? ఫారంలో నిజానికి గడి ఎక్కడుంది?" అని నర్సు రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజున మాట్లాడింది, మండలి నుంచి ఉత్తరం వచ్చింది కనుక.

పర్యవేక్షణ లేకుండా వైద్యం చేసినట్టు ఆరోపణ. విచారణ సంఘం ముందు హాజరు కావాలి. రుజువైతే అనుమతి రద్దు. ముప్ఫై రోజుల్లో దేశం వదలాలి.

ఆ ఉత్తరం సంగతి తెలిసి ఆమె అన్నయ్య సొంత దేశం నుంచి ఫోన్ చేశాడు. "వచ్చెయ్యవే. ఇక్కడ మన ఊరి ఆస్పత్రిలో నీ కుర్చీ ఇంకా ఖాళీగానే ఉంది. పిల్లి పడుకుంటోంది. దాన్ని ఎవరూ ఏ సంతకమూ అడగట్లేదు" అన్నాడు. ఆమె నవ్వింది. అక్కడ డాక్టరు లేక కుర్చీ ఖాళీ, ఇక్కడ డాక్టరుండీ కుర్చీ ఖాళీ.

పెద్దాయన పరుగున వచ్చాడు. చేతులకు ఇంకా మట్టి ఉంది. "నేను రోజూ వచ్చి చూశానని చెప్పేస్తానమ్మా. ముసలివాణ్ని, నన్నేం చేస్తారు?"

"ఆ ఐదు వారాలు మీరు టమాటాలకు నీళ్లు పోస్తూ గోడ మీంచి దారినపోయేవాళ్లందరినీ పలకరించారండీ. ఊరంతా మీకు సాక్షి" అంది డాక్టరమ్మ.

"అయితే ఏం చెప్తావు?"

"అడిగింది చెప్తాను."

"అదే నా భయం" అన్నాడు పెద్దాయన.

విచారణ రోజున భర్త సెలవు పెట్టి ఆమెను వేరేవాళ్లు నడిపే బస్సులో తీసుకెళ్లాడు. ఆ డ్రైవరు మలుపులు తిప్పే తీరును దారి పొడుగునా తిట్టుకుంటూనే ఉన్నాడు. సాక్షిగా పెద్ద నర్సు వచ్చింది. పిలవకపోయినా బట్టతల తమ్ముడు కూడా వచ్చాడు. ఆయనా పరాయి దేశపు డాక్టరే, మా ఆస్పత్రిలోనే ఎముకల విభాగంలో పనిచేస్తాడు. డాక్టరమ్మ తమ్ముడూ అని పిలుస్తుంది. మిగతాది తలను చూసి మేము చేర్చుకున్నాం. తొమ్మిదేళ్లు, ఐదుగురు పర్యవేక్షకులు, అతని లెక్క. లోపలికి రానివ్వరు కనుక ఆమె సంచి ఒళ్లో పెట్టుకుని వరండా బెంచీ మీద కూర్చున్నాడు.

గదిలో పొడవాటి బల్ల వెనుక ముగ్గురు. మధ్యలో అధ్యక్షుడు. ఆయనను చూడగానే డాక్టరమ్మ గుర్తుపట్టింది. ఇరవయ్యో నెలలో ప్రమోషన్ మీద వెళ్లిన రెండో పర్యవేక్షకుడు ఆయనే. ఆయన మాత్రం ఆమెను గుర్తుపట్టలేదు. గుర్తుపట్టడానికి ఆ ఇరవై నెలల్లో తలెత్తి చూస్తే కదా.

"ఆ ఐదు వారాలు రోగులను చూసిందెవరు?" అన్నాడు అధ్యక్షుడు.

"నేనేనండీ."

"ఒక్కరే?"

"పెద్ద నర్సు ఉన్నారండీ. పైన దేవుడున్నాడు."

"దేవుడికి ఈ మండలిలో రిజిస్ట్రేషన్ లేదు" అన్నాడు ఆయన. తన జోకుకు తానే నవ్వుకుని కాగితం మీదికి వంగాడు. "అంటే పర్యవేక్షణ లేకుండా వైద్యం చేశారు. సరిగ్గా ఏ తేదీ నుంచి?"

డాక్టరమ్మ కాసేపు లెక్క చూసుకుంది.

"పదకొండేళ్ల నుంచండీ."

రాస్తున్న పెన్నులు ఆగాయి. కుడిపక్కన కూర్చున్న కళ్లజోడు సభ్యురాలు తలెత్తింది. ఆమె డాక్టరు కాదు, లాయరు. "ఇంకోసారి చెప్పండమ్మా" అంది.

డాక్టరమ్మ సోమవారాల సంగతి మొదటి నుంచీ చెప్పింది. ఎవరి పేరూ ఎత్తలేదు. గొంతు పెంచలేదు. అధ్యక్షుడి మెడ మాత్రం కిందినుంచి పైకి ఎర్రబడుతూ వచ్చింది.

"ఇది మొత్తం వృత్తి మీదే అపవాదు! ఖాళీ కాగితం మీద సంతకం పెట్టే డాక్టరు ఎక్కడైనా ఉంటాడా? రుజువేంటి?"

డాక్టరమ్మకు ఒకరిని వేలెత్తి చూపడం చేతకాదు. అప్పటిదాకా గోడకు ఆనుకుని కూర్చున్న పెద్ద నర్సు లేచింది. ఆమెకు బాగా చేతనవును.

"అయ్యా, మీ బల్ల మీదే ఉంది రుజువు. ఆ ఆయాసం తాత ఫైలు మొత్తం తెప్పించుకున్నారు కదా, తొమ్మిదేళ్ల కిందటి కాగితాలు తియ్యండి. అప్పటి సంతకానికి ఆఖరి గీత ఇంత పొడుగుండేది, గాలిపటం తోకలాగ. కింద మొదలై పైకి ఎగిరి వయసు గడిని అడ్డంగా కొట్టేసేది. గడిలో చోటు లేక డాక్టరమ్మ పాపం వయసును పక్క అంచున రాసుకునేది. మందులు రాశాక సంతకం పెట్టుంటే గీత అక్షరాల మీదికి ఎక్కాలి. అక్షరాలు గీతను తప్పించుకుని నడిచాయేంటి మరి?"

కళ్లజోడు సభ్యురాలు ఫైలు తిప్పింది. ఒక కాగితం, రెండు, ఏడు. ప్రతిదాంట్లోనూ వయసు అంచున ఒదిగి నిలబడి ఉంది, ఇరుకు సందులో ఎద్దుకు దారి ఇచ్చిన మనిషిలా. తరువాత ఆమె ఆ సంతకాన్ని, పొద్దున్న అధ్యక్షుడు హాజరుపట్టీలో పెట్టిన సంతకాన్ని పక్కపక్కన పెట్టి చూసింది. తోక మారలేదు. ఇంకాస్త పెరిగింది, ప్రమోషన్లతో పాటే.

"టీకి వెళ్దాం" అన్నాడు అధ్యక్షుడు.

వరండాలో టీ బల్ల దగ్గర ఆయన డాక్టరమ్మ పక్కకు వచ్చాడు. తానే కప్పు అందించాడు. గొంతు తేనెలా ఉంది.

"అమ్మా, మిమ్మల్ని నేనెలా మరిచిపోతాను? చాలా ఓపికైన డాక్టరు మీరు. ఒక పని చేద్దాం. ఐదు వారాలన్న మాట ఉంచుదాం, పదకొండేళ్లన్న మాట తీసేద్దాం. కంగారులో నోరు జారిందని రాసుకుంటాం. ఐదు వారాలను మన్నించేస్తాం. వచ్చే వారమే మీ పూర్తి లైసెన్సు."

"మరి రూలు?"

"రూలుకేమైంది? దాని దారిన అది ఉంటుంది."

ఆయన వెళ్లాక ఆమె బెంచీ దగ్గరకు వచ్చి సంగతి చెప్పింది. భర్త మొదటిసారి ఏ జోకూ వేయలేదు. "నువ్వు ఎలా అంటే అలాగే" అన్నాడు. బట్టతల తమ్ముడు సంచి పట్టీని చుట్టి విప్పి, విప్పి చుట్టాడు.

"ఒప్పుకోండక్కా. పదకొండేళ్లు! చేతికందిన కూడు నేలపాలు చేసుకోకండి. నా సంగతి దేవుడు చూస్తాడు."

"చూస్తున్నాడు తమ్ముడూ" అంది ఆమె. "ఇప్పుడు కూడా చూస్తూనే ఉన్నాడు. అదే నా బాధ."

టీ తాగకుండానే లోపలికి వెళ్లింది. నోరు జారలేదని, రెండు మాటలూ రాసుకోవాలని చెప్పింది. ఐదు వారాలకు తనకు శిక్ష వేస్తే పడతానంది. పదకొండేళ్లలో తన వల్ల ఒక్క రోగికైనా కీడు జరిగిందేమో ఆ ఫైళ్లలోనే చూడమంది. జరగకపోతే ప్రతిసారీ ఒకటో రోజుకు ఎందుకు దించుతున్నారో చెప్పమంది. "మేము మారలేదండీ. మారింది మా మీద సంతకాలు పెట్టేవాళ్లు. వాళ్లు వెళ్లిపోతే మా చదువు ఎందుకు కరిగిపోతుంది?" అంది.

తీర్పుకు నాలుగు నెలలు పట్టింది. రాసింది కళ్లజోడు సభ్యురాలు. రూలు తోక తెగింది. పర్యవేక్షకుడు మారినా పాత నెలలు పోవు, అన్నీ కలిపి లెక్క వేస్తారు. ఖాళీ కాగితం మీద సంతకం పెడితే పెట్టినవాడిదీ తప్పే. పర్యవేక్షకుడు రోగి పక్కన నిలబడి తీరాలి. అధ్యక్షుడికి శిక్షేమీ పడలేదు. ఆయనను ఇంకా పెద్ద కుర్చీకి మార్చారు. పెద్దవాళ్లను శిక్షించాలంటే మెట్లు ఎక్కించడమే పద్ధతిలా ఉంది.

డాక్టరమ్మకు మాత్రం ఒకే కవర్లో రెండు కాగితాలు వచ్చాయి. ఒకటి, ఆమె నిజాయితీని అభినందిస్తూ. రెండోది, ఆ ఐదు వారాలకు హెచ్చరిక చేస్తూ, ఆరు నెలలు లైసెన్సు నిలిపి ఉంచి, ఆ ఆరు నెలలూ పర్యవేక్షణలో పనిచేయమంటూ. దేశం వదలక్కర్లేదు. బస్సు డ్రైవరు గారు ఆ కాగితాన్ని మూడుసార్లు చదివి, పెళ్లాన్ని ఏమనాలో తెలియక వంటగదిలోకి వెళ్లి గిన్నెలన్నీ తోమేశాడు.

కొత్త లెక్క ప్రకారం పూర్తి లైసెన్సు మొదట వచ్చింది బట్టతల తమ్ముడికి. మా ఆస్పత్రిలో పర్యవేక్షకుడి పోస్టు ఇంకా ఖాళీ, బయటివాళ్లెవరూ రారు. కనుక మండలి ఆయన్నే డాక్టరమ్మ మీద పర్యవేక్షకుడిగా వేసింది.

మొదటిరోజు ఆయన వార్డు గుమ్మంలో దొంగలా నిలబడ్డాడు. చొక్కా కాలరు చెమటకు తడిసిపోయింది.

"రండి సార్" అంది డాక్టరమ్మ.

"సార్ అంటే ఇప్పుడే రాజీనామా రాసేస్తానక్కా."

"దానికీ రెండు సంతకాలు కావాలి. రా తమ్ముడూ, రూలు ప్రకారం పక్కన నిలబడు."

మొదటి మంచం మీద కాళ్లు వాచిన ముసలామె ఉంది. డాక్టరమ్మ గొట్టం బిళ్లను అరచేతిలో వెచ్చబరుస్తుంటే, ముసలామె ఇద్దరినీ ఎగాదిగా చూసింది.

"మీ ఇద్దర్లో పెద్ద డాక్టరు ఎవరమ్మా?"

"ఆయనేనమ్మా, ఆరు నెలల పాటు."

"అయితే ఆయన్ని కాస్త పక్కకు జరగమను. నీకు వెలుతురు అడ్డమొస్తున్నాడు."

బట్టతల తమ్ముడు జరిగాడు. జరిగి, గోడవైపు తిరిగి ముక్కు చీదుకుని, మళ్లీ వచ్చి రూలు ప్రకారం పక్కనే నిలబడ్డాడు.